బొంబాయిలో ఒక శనివారపు రాత్రి: ‘శక్తి’ బృందమువారి సంగీత సంపుటిని గూర్చి

మా పాఠశాలలో వారమునకు రెండు పీరియడ్లు సంగీతమునకు కేటాయింపబడియున్నవి. అందొకటి గాత్రమునకు, రెండవది మృదంగమునకు. ఈ రెంటిని గూర్చి తల్లిదండ్రులలో కొందరు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. త్యాగరాజ కృతులును, తకధిమి లెక్కలును నేర్చి ఈ కాలములో పిల్లలు ఎచ్చటికి పోగలరు? ఆ సమయమును గిటారునకు ఇచ్చినచో లోకముతో కలియుదురు గదా? అని వారి భావము.

ప్రశ్నలో తప్పు లేదు. తమిళనాట తరతరములుగా స్థిరపడిన మనవంటివారికి, పిల్లలు ఎక్కడను వెనుకబడరాదను తలంపు ఇతరులకంటె ఒక పాలు ఎక్కువగనే యుండును. ఇంట నొక భాష, వీధిలో నొక భాష, ఉద్యోగమునకు వేరొక భాష. ఇన్నింటి నడుమ సంగీతములో గూడ రెండు మూడు మార్గములా యని తల్లులు నిట్టూర్చుట మేమెరుగుదుము. అయినను, ఈ ప్రశ్నకు వాదముతో సమాధానము చెప్పుటకంటె, గిటారును తకధిమియు ఒకే వేదికపై కలిసికొన్న ఒక సంగీత సంపుటిని తల్లిదండ్రులకు పరిచయము చేయుట మేలని మాకు తోచినది.

ఆ సంపుటి పేరు ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’. అనగా ‘బొంబాయిలో శనివారపు రాత్రి’. వాయించినవారు ‘రిమెంబర్ శక్తి’ యను బృందము. 2000 సంవత్సరము డిసెంబరు నెలలో ముంబయి నగరమున జరిగిన కచేరీలలో దీనిని ధ్వనిముద్రణ చేసి, 2001లో వెర్వ్ సంస్థవారు విడుదల చేసిరి. అందులో నాలుగే నాలుగు అంశములున్నవి: ‘లుకీ’, ‘శృంగార్’, ‘గిరిరాజ్ సుధ’, ‘బెల్ అల్లా’. ఈ మూడవదాని పేరును గూర్చి మేము చెప్పవలసినది కొంత కలదు. దానిని తరువాత చెప్పెదము.

ఇట్టి సంగీతమును లోకులు ‘జాజ్ ఫ్యూజన్’ అందురు. జాజ్ అనునది 20వ శతాబ్ది తొలినాళ్ళలో, అమెరికా దక్షిణ భాగమునందలి న్యూ ఆర్లియన్స్ నగరమున, బానిసలుగా తేబడిన ఆఫ్రికావారి సంతతి నడుమ రూపొందిన సంగీతము. దానికి ప్రాణము మనోధర్మము. ఒక పాటను ముందుగా వాయించి, పిమ్మట ఆ పాట చట్రమును విడువకయే, వాద్యకారుడు అప్పటికప్పుడు తన కల్పనతో దానిని పెంచుచు పోవును. మన కల్పనస్వరములు ఎరిగినవారికి ఇది క్రొత్త విషయము కాదు. అయితే మనకు రాగము ఆధారము, వారికి ఒకేసారి అనేక స్వరములను మేళవించి పలికించు స్వరసమ్మేళనముల వరుస ఆధారము. భేదమంతయు అచ్చటనే యున్నది. 1969 ప్రాంతమున మైల్స్ డేవిస్ అను ట్రంపెట్ వాద్యకారుడు జాజ్ సంగీతమునకు విద్యుత్ గిటారులను, రాక్ సంగీతపు గట్టి లయను చేర్చెను. ఆ కలయికకే ఫ్యూజన్ అను పేరు స్థిరపడినది.

మైల్స్ డేవిస్ చెంత అప్పుడు గిటారు వాయించినవారిలో ఒకరు జాన్ మెక్‌లాఫ్లిన్. ఈయన 1942లో ఇంగ్లండు దేశమున యార్క్‌షైరు ప్రాంతమందలి డాన్‌కాస్టర్‌లో జన్మించెను. 1971లో ‘మహావిష్ణు ఆర్కెస్ట్రా’ అను బృందమును స్థాపించి, పిడుగులవంటి శబ్దముతో, మెరుపువంటి వేగముతో వాయించి ప్రఖ్యాతి గడించెను. ఆ ప్రఖ్యాతి నడినెత్తిన నుండగనే ఆయన చేసిన పని మాకు మిక్కిలి ముచ్చట గొలుపును. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయమున డాక్టర్ ఎస్. రామనాథన్ గారి యొద్ద వీణ నేర్చుకొనుటకు విద్యార్థివలె కూర్చుండెను. లోకము తనను గురువనుచున్న సమయమున సరళీ వరుసల మెట్టుకు దిగి వచ్చుట అందరికి సాధ్యమగు పని కాదు.

ఆ సాంగత్యముననే ‘శక్తి’ అను తొలి బృందము పుట్టినది. వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుసేన్, ఘటము టి. హెచ్. వినాయకరామ్, మృదంగము రామనాథపురము వి. రాఘవన్ గార్లు. వీరి మొదటి సంపుటి 1975 జూలైలో అమెరికాలో జరిగిన ఒక కచేరీ యొక్క ధ్వనిముద్రణ. అది 1976లో వెలువడినది. కొన్ని సంవత్సరములకు బృందము విడిపోయెను. 1997లో మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుసేన్ గార్లు మరల కలిసి, పాత పేరును తలచుకొనుచు ‘రిమెంబర్ శక్తి’ యనిరి. అనగా ‘శక్తిని స్మరింపుడు’ అని. వారితో వినాయకరామ్ గారును, వేణువుతో హరిప్రసాద్ చౌరాసియా గారును కూడిరి. అటు తరువాత కుదిరిన బృందములో గిటారునకు మెక్‌లాఫ్లిన్, తబలాకు జాకిర్ హుసేన్, కంజిరకును ఘటమునకును వినాయకరామ్ గారి కుమారుడు సెల్వగణేశ్, మాండలిన్‌కు మన పాలకొల్లు శ్రీనివాస్ గారు. బొంబాయి కచేరీనాటికి ఈ నలుగురే బృందమునకు మూలస్తంభములు.

ఆ రాత్రి వారు అతిథులను పెక్కుమందిని పిలిచిరి. సంతూరుతో శివకుమార్ శర్మగారు వచ్చిరి. ఒడిలో పెట్టుకొని వాయించు హిందుస్థానీ గిటారుతో కలకత్తా దేవాశీష్ భట్టాచార్యగారు వచ్చిరి. గాత్రమునకు శంకర్ మహదేవన్. ఇక లయవాద్యములవారిది పెద్ద పరివారమే: డ్రమ్ములకు మద్రాసు శివమణి, పఖవాజు, ఢోలకులకు భవానీశంకర్, జాకిర్ హుసేన్ గారి తమ్ముడు తౌఫిక్ ఖురేషీ, తవిలుకు ఎ. కె. పళనివేల్, ఇంకను కొందరు. పాటకు వాద్యము తోడు నిలుచుట మనకు అలవాటు; ఇచ్చట పలుమారులు లయ ముందు నడచును, తంత్రులు దాని వెంట నడచును.

ఈ సంపుటిని విద్యార్థి దృష్టితో వినువారు మొట్టమొదట గమనింపవలసిన విషయము గమకము.

మన సంగీతమునకు గమకము ఊపిరి. స్వరము నిలుకడగా నిలువబడక, ఊగుచు, జారుచు, ప్రక్క స్వరమును తాకి వచ్చును. వీణలో మెట్లు మైనముపై ఎత్తుగా నిలిచియుండుటచే తంత్రిని ప్రక్కకు లాగి ఈ ఊపును తీయవచ్చును. గిటారునకు ఆ వీలు తక్కువ. మెట్టుకును మెట్టుకును నడుమ కొయ్య వ్రేలికి అడ్డు తగులును. మెక్‌లాఫ్లిన్ ఏమి చేసెను? తొలి ‘శక్తి’ దినములలో మెట్ల మధ్యనున్న కొయ్యను పల్లముగా తొలిపించిన గిటారును చేయించుకొనెను. అప్పుడు తంత్రిని వీణ తంత్రివలె లాగవచ్చును. అంతేకాక, చేతితో మీటకయే ప్రతిధ్వనించు అనునాద తంత్రులను, సితారునకు వలె, గిటారు పొట్టపై అడ్డముగా అమర్చుకొనెను.

మాండలిన్‌ది మరియొక చిక్కు. అది ఇటలీదేశపు వాద్యము. జంటజంటలుగా ఎనిమిది తంత్రులు. మీటిన ధ్వని క్షణములో ఆరిపోవును. జంట తంత్రులను ఒక్కటిగా లాగుట కష్టము. శ్రీనివాస్ గారు జంటలను తీసివైచి, ఐదు ఒంటి తంత్రులను బిగించి, విద్యుత్తుతో ధ్వనిని నిలుపుకొనిరి. బిళ్ళతో మీటెడు ఆ చిన్న వాద్యములో తోడి రాగపు గాంధారము పలికినప్పుడు, ఇది ఎట్లు సాధ్యమని పెద్ద విద్వాంసులు సయితము అబ్బురపడిరి.

భట్టాచార్యగారి మార్గము వేరు. వారు మెట్ల జోలికే పోరు. గిటారును ఒడిలో వెల్లకిల పరుండబెట్టి, ఎడమచేతి ఉక్కుకడ్డీని తంత్రులపై జార్చుదురు. మన గోటువాద్యము చూచినవారికి ఇది వెంటనే అర్థమగును. వారి గురువులలో ఒకరైన బ్రిజ్‌భూషణ్ కాబ్రాగారు గిటారును హిందుస్థానీ సంగీతమునకు మప్పినవారిలో అగ్రగణ్యులు. కాబ్రాగారును శివకుమార్ శర్మగారును, హరిప్రసాద్ చౌరాసియాగారితో కలిసి 1967లో ఒక ప్రసిద్ధ సంపుటిని చేసిరి. ముప్పది మూడేండ్లకు బొంబాయి వేదికపై అదే శర్మగారితో పాటు ఆ కాబ్రాగారి శిష్యుడు పాల్గొనెను.

సంతూరును గూర్చియు ఒక మాట. అది కాశ్మీరపు వాద్యము. నూరు తంత్రుల వరకు నుండును. తేలికైన కొయ్యపుల్లలతో కొట్టి వాయింతురు. కొట్టి వాయించు వాద్యములో గమకమెక్కడిదని పండితులు తొలుత దానిని శాస్త్రీయ వేదికపైకి రానీయలేదు. శివకుమార్ శర్మగారు పుల్లను తంత్రులపై మెల్లగా జార్చుచు స్వరమునకు స్వరమునకు నడుమ నున్న దూరమును పూడ్చిరి. ‘శృంగార్’ అను రెండవ అంశమున వారి చేతి మెత్తదనము వినవచ్చును. ఈ సంపుటిలో అన్నింటికంటె పొడవైనదియు, మా అభిప్రాయమున అన్నింటికంటె ఉత్తమమైనదియు అదియే.

నాలుగు వాద్యములు, నాలుగు ఉపాయములు. గమనింపుడు: నలుగురును వాద్యమునో, దానిని పట్టు పద్ధతినో మార్చుకొనిరి కాని సంగీత వ్యాకరణమును మార్చలేదు. గిటారులో గమకము కష్టమని ఎవ్వరును గమకమును విడిచిపెట్టలేదు.

ఇక లయ. ఈ సంపుటికి ఆయువుపట్టు ఇదియే గనుక కొంచెము నిలిచి చూతము. గణితమును చూచి భయపడు పిల్లలున్న ఇండ్లలో దీనిని చేతులతో చేసి చూడవలెనని మా మనవి.

మన లయశాస్త్రమున జాతులు ఐదు. మూడు మాత్రలు తిశ్రము: త-కి-ట. నాలుగు చతురశ్రము: త-క-ధి-మి. ఐదు ఖండము: త-క-త-కి-ట. ఏడు మిశ్రము: త-కి-ట-త-క-ధి-మి. తొమ్మిది సంకీర్ణము: త-క-ధి-మి-త-క-త-కి-ట. ఈ జతులను నోటితో పలుకుటను తమిళనాట కొన్నక్కోలు అందురు. ఆదితాళమునకు ఎనిమిది క్రియలు. క్రియకు నాలుగు మాత్రల చొప్పున ఒక ఆవర్తమునకు 32 మాత్రలు. ‘తకధిమి’ అని ఎనిమిది మారులు పలికిన ఆవర్తము నిండును. ప్రతి ‘త’ యు ఒక క్రియపై పడును. ఇది మూడవ తరగతి పిల్లలును చేయగలరు.

ఇప్పుడు చేతిని అట్లే నడువనిచ్చి, నోటితో మాత్రము ‘తకిటతకధిమి’ అను ఏడు మాత్రల మాటను నాలుగు మారులు పలుకుడు. నాలుగేడులు ఇరువదియెనిమిది. మిగిలిన నాలుగింటికి ఒక ‘తకధిమి’. మొత్తము 32. ఆవర్తము సరిపోయినది కాని, నడుమ జరిగినదేమి? నోటిమాట 1, 8, 15, 22వ మాత్రలయందు మొదలగును. చేయి 1, 5, 9, 13, 17, 21, 25, 29వ మాత్రలయందు కదలును. మొదట కలిసియున్న చేయియు మాటయు వెంటనే విడిపోయి, దారి తప్పినట్లు తిరిగి, 29వ మాత్రయందు, అనగా చిట్టచివరి విసురునందు, మరల కలిసికొనును. విడిపోవునపుడు వినువాని గుండె కొంచెము తొట్రుపడును. కలిసినప్పుడు తానెరుగకయే తల ఊపును. లయ యొక్క ఆనందమంతయు ఈ ఎడబాటులోను, ఈ కలయికలోను ఉన్నది.

పెద్ద పిల్లలకు మరియొకటి. ‘త-ధి-గి-ణ-తోం’ అను ఐదు మాత్రల ముక్తాయింపును వరుసగా మూడు మారులు పలికిన 15 మాత్రలు. ఆవర్తములో 17 మాత్రలు ఊరకుండి, 18వ మాత్రయందు ఆరంభించినచో, మూడవ ‘తోం’ వెనువెంటనే సమము దొరకును. ఒక్క మాత్ర ముందైనను, వెనుకైనను పట్టుపడిపోవుదురు. హిందుస్థానీ వారును ఇట్లే మూడు మారులు వాయించి సమమునకు వత్తురు. వారు దానిని తిహాయి యందురు. బొంబాయి తబలాయును, మద్రాసు కంజిరయు ఒకదానికొకటి పరాయివి కాకపోవుటకు కారణము ఈ లెక్క ఇద్దరికిని ఒకటే యగుట.

పాశ్చాత్యులకు బేసి లెక్కలు బొత్తిగా తెలియవని కాదు. 1959లో డేవ్ బ్రూబెక్ బృందము ‘టేక్ ఫైవ్’ అను ఐదు మాత్రల జాజ్ పాటను వినిపింపగా, అది లోకమంతయు ప్రాకినది. పాల్ డెస్మండ్ రచించిన ఆ పాటను విని మన పిల్లలు ‘తకిట-తక’ అని తేలికగా లెక్క పట్టగలరు. మహావిష్ణు ఆర్కెస్ట్రాలో మెక్‌లాఫ్లిన్ ఇట్టి బేసి నడకలను విరివిగా వాడెను. అయినను, లెక్కను నోటిలో పెట్టుకొని పుట్టినవారి యొద్ద నేర్చుకొనవలెనని ఆయన కొన్నక్కోలును శ్రద్ధగా అభ్యసించెను. 2007లో సెల్వగణేశ్ గారితో కలిసి కొన్నక్కోలును బోధించు ఒక డీవీడీని ‘ది గేట్‌వే టు రిథం’ అను పేరుతో వెలువరించెను. అప్పటికి ఆయన వయస్సు 65. మన పిల్లలు గిటారు నేర్వవలెనని మనము కోరుచుండగా, గిటారులో ఆరితేరిన ఇంగ్లీషువాడు లోకమునకు తకధిమి నేర్పుచుండెను!

కంజిరను గూర్చి చెప్పక విడువరాదు. అరచేతి వెడల్పునకు కొంచెము మించిన పనసకొయ్య చట్రము. ఒక ప్రక్క ఉడుము చర్మము. చట్రమునకు ఒక జత చిరు బిళ్ళలు. అంతే. ఒక చేత పట్టుకొని వేరొక చేత వాయింతురు. పట్టుకొన్న చేతి వ్రేళ్ళతో చర్మమును నొక్కుచు ధ్వనిని క్రిందికి జార్చుదురు. జంట చర్మముల తబలాకు ఇంత చిన్న వాద్యము జవాబు చెప్పుట ఈ బృందపు కచేరీలలోని వేడుకలలో ఒకటి.

మాండలిన్ శ్రీనివాస్ గారిని గూర్చి తల్లిదండ్రులు ఎరిగియే యుందురు. ఉప్పలపు శ్రీనివాస్ గారు 1969 ఫిబ్రవరి 28వ తేదీన పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లున జన్మించిరి. తండ్రి సత్యనారాయణగారు వాద్యకారులు. ఇంటనున్న మాండలిన్‌ను పసివాడు తనంత తానే తీసి మీటుచుండగా చూచి గురువును వెదకిరి. ఆ గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు, చెంబై వైద్యనాథ భాగవతారుగారి శిష్యులు. సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. వారు పాడుదురు, శిష్యుడు విని, పాటను తంత్రులపై వెదకికొనును. కృతి సాహిత్యము, సంగతి, గమకము అన్నియు నోటి నుండి చెవికి వచ్చినవే. వ్రేళ్ళ పాఠము లేదు, పాట పాఠమే. శ్రీనివాస్ గారి మాండలిన్ పాడినట్లుండునని అందరును అనుటకు మూలము ఇచ్చటనే యున్నదని మా నమ్మకము.

1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవములలో మొదటి కచేరీ. తరువాత కుటుంబము మద్రాసు చేరినది. 1983లో, పదునాలుగేండ్ల ప్రాయమున, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించుటకు పిలుపు వచ్చినది. ఆ వేదికపై ఆ బాలుడు జాజ్ వాయింపలేదు. తనకు తెలిసిన కర్ణాటక సంగీతమునే వాయించెను. శ్రోతలు ఇంకను వాయింపుమని పట్టుబట్టిరి. 1995లో మైకేల్ బ్రూక్ అను కెనడా గిటారు వాద్యకారునితో ‘డ్రీం’ అను సంపుటి చేసిరి. 1998లో పద్మశ్రీ బిరుదమందిరి. తరువాత ‘రిమెంబర్ శక్తి’లో చేరిరి. బొంబాయి కచేరీనాటికి వారి వయస్సు 31. 2014 సెప్టెంబరు 19వ తేదీన చెన్నైలో, 45 ఏండ్లకే, కన్నుమూసిరి. ఆ లోటు ఇప్పటికిని తీరినది కాదు.

వారు ఈ సంపుటికి తెచ్చిన అంశమే మూడవది. త్యాగరాజస్వామి బంగాళ రాగమున రచించిన ‘గిరిరాజసుతా తనయ’ అను వినాయక స్తుతి. మేళకర్తలలో 29వదియగు ధీరశంకరాభరణమునుండి పుట్టిన రాగము బంగాళ. శంకరాభరణపు స్వరములు పాశ్చాత్యుల ముఖ్యమైన స్వరశ్రేణితో సరిపోవుట పిల్లలకు మేము చెప్పుచునే యుందుము. అందుచే గిటారు చెవికి ఈ రాగము అపరిచితము కాదు. కాని బంగాళలో స్వరములు మెట్లెక్కినట్లు వరుసగా పోవు. వంకరలు తిరుగుచు పోవును. సొంత ఇంటి గదులే, కాని దారి క్రొత్తది. శంకర్ మహదేవన్ గారి కంఠము, శ్రీనివాస్ గారి మాండలిన్ ఈ వంకరలలో జోడుగుర్రములవలె పరుగెత్తును. ఉన్న నాలుగింటిలో ఇదియే చిన్నది. పిల్లలు మరల మరల అడిగి విందురు.

ఇచ్చట పేరు సంగతి. సంపుటిపై అచ్చయిన పేరు ‘గిరిరాజ్ సుధ’. స్వామివారి మాట ‘సుతా’. సుత యనగా కుమార్తె. గిరిరాజు హిమవంతుడు, ఆయన సుత పార్వతి, ఆమె తనయుడు వినాయకుడు. రెండు షష్ఠీ తత్పురుషములు ఒకదానిలో ఒకటి. ‘సుధ’ యనగా అమృతము. సుధకు సున్నమను అర్థము కూడ నిఘంటువులలో కలదు! హిమాలయమునకు సున్నము వేసినట్లయినది గాని, వినాయకుని ఊసు లేకపోయెను. ఈ మార్పు ఎవ్వరి చేతిలో జరిగెనో విచారించుట మా పని కాదు. తమిళ లిపిలో త, థ, ద, ధ లకు ఒకే అక్షరము. ఇంగ్లీషు లిపిలో ఒక్కొక్కరిది ఒక్కొక్క పద్ధతి. ఇన్ని దాటి వచ్చు మాటకు ఇట్టి ప్రమాదము సహజము. తమిళ సోదరులు తమ లిపితోనే ఈ కృతులను తరతరములుగా కాపాడి, మనకంటె ఎక్కువ భక్తితో పాడుచున్నారు. వారిని అనవలసినది ఏమియు లేదు.

అనవలసినది ఏమైన నున్న మనలనే. ఈ కృతి సంస్కృతమున నున్నది. కర్త మన తెలుగు వాగ్గేయకారుడు. కాకర్ల ఇంటిపేరుగల కుటుంబము. 1767లో తిరువారూరున పుట్టి, తిరువయ్యారున జీవించి, 1847లో అచ్చటనే సిద్ధి పొందినవారు. మనవలెనే కావేరి నీరు త్రాగి తెలుగు పలికినవారు. ఆయన కృతులను వ్రాసి భద్రపరచిన శిష్యులలో వాలాజాపేట వేంకటరమణ భాగవతారు ముఖ్యులు. ఆయన ఇంటి భాష సౌరాష్ట్రము. మాతృభాష వేరైనను తెలుగు కృతులను శ్రద్ధగా వ్రాసికొనిరి. ఆ పరంపర వ్రాతప్రతులు మధురలోని సౌరాష్ట్ర సభవారి యొద్ద చేరి నిలిచినవి. పరాయి ఇంటివారు ఇంత చేయగా, తెలుగు ఇంట పుట్టిన బాలుడు ‘సుతా’ అను మాటను ఇంగ్లీషు అక్షరములలో చూచి, ‘సుధ’ యని పాడి, తేడా తెలియకయే ఇంటికి పోవుట మాకు నిజముగా బాధ కలిగించును. ఎనిమిదవ తరగతిలో ఈ రెండు పేర్లను నల్లబల్లపై వ్రాసి అర్థము చెప్పుమంటిమి. తెలుగులో కృతి వ్రాసికొన్న పిల్లలు వెంటనే విగ్రహవాక్యము చెప్పిరి. ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొని పాడుకొను పిల్లలు, వారిలో ఇద్దరు ముగ్గురు ఎంతో చక్కగా పాడువారు, ఊరకుండిరి. సంగీతపు పీరియడునకును తెలుగు పీరియడునకును గల సంబంధము ఏమని అడుగు తల్లిదండ్రులకు మేము చూపగలిగినది ఇదియే.

ఈ సంపుటియందు లోపములు లేవని మేమనము. ‘లుకీ’లో కొన్ని చోట్ల వేగమే గొప్పతనమన్నట్లు పరుగు సాగును, రాగము కనబడకముందే దాటిపోవును. ‘బెల్ అల్లా’లో లయవాద్యములు అన్నియు ఒక్కసారి లేచినపుడు జాతర డప్పులు గుర్తునకు వచ్చును. వేదిక దగ్గర కూర్చున్నవారికి అది పండుగయే; ఇంట వినువారికి కొంత రొద. సంప్రదాయవాదులగు పెద్దలు కొందరు ఇట్టి కలగాపులగము ఏలయని పెదవి విరుతురు. వారి శంక త్రోసివేయదగినది కాదు. పునాదిలేని కలగలుపులు మన సినిమాలలోను, పెండ్లి పందిళ్ళలోను నిత్యము వినుచునే యున్నాము. కాని ఇచ్చట కలిసినవారు ఎవ్వరును తమ విద్యలో సగము నేర్చినవారు కారు. జాకిర్ హుసేన్ గారు తండ్రి అల్లారఖా గారి యొద్ద పసితనము నుండి తబలా సాధన చేసినవారు. సెల్వగణేశ్ గారు తాతతండ్రుల నాటినుండి లయవిద్యకు పేరుపడ్డ ఇంటివారు.

బృందము అంతటితో ఆగలేదు. మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుసేన్, శంకర్ మహదేవన్, సెల్వగణేశ్ గార్లు, వయొలిన్ గణేశ్ రాజగోపాలన్ గారితో కలిసి 2023లో ‘దిస్ మొమెంట్’ అను సంపుటి వెలువరింపగా, దానికి 2024 ఫిబ్రవరిలో గ్రామీ బహుమానము లభించినది. ఆ డిసెంబరు 15వ తేదీననే జాకిర్ హుసేన్ గారు అమెరికాలో పరమపదించిరి. శివకుమార్ శర్మగారు అంతకు ముందే, 2022లో, గతించిరి. బొంబాయి వేదికపై నాడు కూర్చున్నవారిలో కొందరిని ఇక ఈ ధ్వనిముద్రణలోనే వినవలెను.

వినదలచిన తల్లిదండ్రులకు ఒక సూచన. సంపుటిలోని వరుసను అనుసరింపక, మొదట ‘గిరిరాజసుతా’ వినుడు. వినుటకు ముందు పిల్లవానిచే కృతిని తెలుగు అక్షరములలో ఒకసారి చదివింపుడు. పిమ్మట ఒక సెలవుదినమున, తీరికగా, ‘శృంగార్’ వినుడు. అది సగములో ఆపదగినది కాదు గనుక వంటపని ముగించుకొని కూర్చుండుట మేలు. ఆ తరువాత ‘లుకీ’. ‘బెల్ అల్లా’ను చివరకు ఉంచుకొని, పిల్లలచే తాళము వేయించుచు, ఎన్ని ఆవర్తములవరకు తప్పకుండ నిలువగలరో చూడుడు. రాత్రి తొమ్మిది దాటినచో మాత్రము ధ్వనిని కొంచెము తగ్గింపుడు. ఇరుగుపొరుగువారు నిదురించు వేళ పదిమంది లయవాద్యకారులు ఇంటిలో దిగుట మర్యాద కాదు.